ప్రవర్తన: సంతృప్తికరం

పదకొండో టీసీ మీద ముద్ర కొట్టి, స్టాంపు ప్యాడు మూత పెట్టకుండానే పన్నెండోదాన్ని ముందుకు లాక్కుంది సరోజన. ఇంటర్ ఫలితాలు వచ్చి మూడు వారాలైంది. ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా ఎడమ మోచేతిని వాటి మీద ఆనించి కుడిచేత్తో రాస్తోంది. ఇరవై రెండేళ్లుగా అలాగే ఆనించడం వల్ల ఆ మోచేతి చర్మం నల్లబడి మొద్దుబారింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చివర ప్రవర్తన. ఆ గడి దగ్గరికి రాగానే చెయ్యి దానంతట అదే 'సంతృప్తికరం' అని రాసేస్తుంది.

రోజూ ఏడున్నరకు కోదాడలో బస్సెక్కుతుంది. మునగాల దాటేదాకా కళ్లు మూసుకుంటుంది. సూర్యాపేటలో దిగి ఈ ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసు తాళం తీస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడి టీసీలో 'చాలా మంచిది' అని రాసింది. అప్పటి ప్రిన్సిపాల్ ఎర్రసిరాతో కొట్టేసి, "ఎందుకు చాలా? ఎవరన్నా అడిగితే ఏం చెప్తవ్?" అన్నాడు. ఎవరూ ఏమీ అడగడానికి వీల్లేకుండా బతకడం ఆమె ఆ రోజు నేర్చుకుంది. చీరల రంగులు, కూరల్లో కారం, ఆమె నవ్వు, అన్నీ మెల్లమెల్లగా ఆ కొలతకే వచ్చాయి.

పదకొండు గంటలకు నితిన్ వచ్చాడు. మిర్యాలగూడలో వాళ్లకు రైసుమిల్లు ఉంది. టేబులు మీద స్వీటు డబ్బా పెట్టాడు.

"నోరు తీపి చేస్కోండ్రి మేడం."

"అమెరికాలో సీటొచ్చిందంటగా."

"తొమ్మిది కాలేజీలు రానియ్యలే మేడం. ఒక్కటి పిలిచింది. మా డాడీ గా ఒక్కదాని ముచ్చటే ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. తొమ్మిది మాటెత్తితే ఇంట్ల కర్ఫ్యూ." పకపక నవ్వాడు. "గా ఒక్కటి గూడ మీ పుణ్యమే. ఆఖరి డబ్బా కొట్టిన్రు గద."

సరోజనకు గుర్తుంది. ఆ కాలేజీలకు దరఖాస్తు పెట్టే ప్రతి విద్యార్థి గురించీ చదివిన చోటి కౌన్సెలర్ కంప్యూటర్‌లో ఒక ఫారం నింపి పంపాలి. ఇక్కడ అలాంటి మనిషి లేడు. "సరోజనమ్మా, నీ పేరే పెట్టెయ్," అన్నాడు ఇప్పటి ప్రిన్సిపాల్ జవహర్. డిసెంబరులో రెండు ఫారాలొచ్చాయి, నితిన్‌ది ఒకటి, అనూషది ఒకటి. పిల్ల ఎలాంటిదో చెప్పడానికి వరుసగా ఏడు గడులున్నాయి. 'గుడ్' మూడోది. ఏడోది, చాలా అరుదైన కొద్దిమందిలో ఒకరు అని. నితిన్‌కు హైదరాబాదు కన్సల్టెంటు పక్కన కూర్చుని ఏడోదే కొట్టించాడు.

"అంత పెద్దది ఎందుకని నేను భయపడ్డాను," అంది సరోజన.

"గాడ ఆఖరు రెండు మూడే లెక్కంట మేడం. 'గుడ్' కొట్టిన్రనుకో, ఇగ ఖతం. గీ పిల్లను తీస్కోకుండ్రి అని మనమే చెప్పినట్టంట."

టీసీ తీసుకుని అతను వెళ్లిపోయాడు. ఆమె చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది.

అనూష ఫారం నింపినప్పుడు పక్కన ఎవరూ లేరు. పెన్‌పహాడ్ దగ్గరి తండా పిల్ల. తల్లిదండ్రులు హన్మా, భూలి కూలికి పోయి చదివించారు. రెండేళ్లూ కాలేజీ ఫస్టు. చదువు ఖర్చంతా తామే పెట్టుకునే అమెరికా కాలేజీలు పదకొండు వెతుక్కుని దరఖాస్తు పెట్టింది. ఆ మధ్యాహ్నం మౌసు బాణం ఏడో గడి దాకా వెళ్లింది. కాసేపు అక్కడే నిలబడింది. ఎవరన్నా అడిగితే ఏం చెప్తవ్? బాణం వెనక్కి వచ్చింది. చదువుకు గుడ్. గుణానికి గుడ్. మొత్తం మీద గుడ్. ఇంటికి వెళ్తూ బస్సులో, ఒక్క ఫారమైనా నిజాయితీగా నింపానని తృప్తి పడింది కూడా. ఆ తృప్తి రుచి ఇప్పుడు నోట్లోకి వచ్చింది. దాని అడుగున ఇంకొకటి ఉంది. కన్సల్టెంటు తన చేత బలవంతంగా కొట్టించాడన్న ఉక్రోషం. దాన్ని తీర్చుకోవడానికి ఆమెకు దొరికింది అనూషే. ఏడో గడి నితిన్ విషయంలో అబద్ధం, అనూష విషయంలో నిజం. అబద్ధాన్ని కొట్టిన వేలు నిజాన్ని కొట్టలేకపోయింది.

పదకొండు కాలేజీలూ కాదన్నాయి.

వేలమందిలో పదిమందిని తీసుకుంటారు, ఎలాగూ వచ్చేది కాదేమో అనుకుంది. ఆ ఆలోచన హాయినిచ్చింది. హాయినిచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మూడింటికి అనూష టీసీకి వస్తుంది. చెప్పెయ్యాలి. తప్పు నాది, మళ్లీ పెట్టు, ఈసారి సరిగా కొడతాను అని. మూడే మాటలు. అన్నం డబ్బా విప్పకుండా వాటినే వల్లె వేసుకుంది.

అనూష చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. సన్నగా ఉంటుంది. ఎండకు ముఖం కమిలింది.

"ఎక్కడ చేరుతున్నావమ్మా?"

"మిర్యాలగూడల డిగ్రీ మేడం. నీట్‌కు చదవలే గద, యేడాదంత గా దరఖాస్తులకే పోయె."

"మళ్లీ పెట్టకూడదూ?"

"నాల ఏం తక్కువైందో తెలిస్తే పెడత మేడం. తెల్వకుంట ఏం దిద్దుకోవాలె?" కుర్చీ అంచున కూర్చుంది. "రెండు నెలలు ఆలోచన చేసిన. నా వ్యాసమే బాగలేదు. తండ గురించి రాసిన, మా అమ్మ గురించి రాసిన. గాళ్లకు నగుబాటనిపించిందేమో. గట్ల రాయొద్దుండె. మీరైతే మంచిగనే పంపిన్రు, మా నాయిన గూడ అంటడు, మేడం మనకోసం చానా కష్టపడ్డదని."

సరోజన నోరు తెరిచింది. గొంతులోంచి వచ్చింది వేరే మాట. "మంచినీళ్లు తాగుతావా?"

అనూష తాగింది. సరోజన టీసీ పుస్తకం లాక్కుంది. ప్రవర్తన గడిలో ఒత్తి ఒత్తి 'అత్యుత్తమం' అని రాసింది. చెప్పాల్సిన మాటకు బదులు ఇదైనా ఇస్తున్నాననుకుంది. ఇది ఎందుకూ పనికిరాదని ఆమెకు తెలుసు. పుస్తకం తీసుకుని సంతకానికి లోపలికి వెళ్లింది.

జవహర్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఇదేంది సరోజనమ్మా, కొత్త రివాజు? రేపు ఇంకో పిల్ల నాయిన వచ్చి మా బిడ్డకేం తక్కువని లొల్లి పెడితే నువ్వు జవాబు చెప్తవా?"

చెప్తాను అనొచ్చు. ఆ పిల్ల నిజంగానే అంతటిది అనొచ్చు.

"పొరపాటైంది సార్," అంది.

టీసీ పుస్తకంలో పాడైన కాగితం చింపి పారెయ్యడానికి వీల్లేదు. అనూష పేరున్న ఆ పేజీ మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి 'రద్దు' అని రాసింది. తరవాతి పేజీ తిప్పింది. ఆఖరి గడిలో చెయ్యి దానంతట అదే 'సంతృప్తికరం' అని రాసేసింది.

అనూష టీసీని రెండు చేతులతో అందుకుని ఆఖరి గడి దాకా చదివింది. "థాంక్స్ మేడం." సంచిలోంచి ఇటుకంత పుస్తకం తీసి టేబులు మీద పెట్టింది. అమెరికా కాలేజీల పరీక్షకు చదివేది. హైదరాబాదులో పాత పుస్తకాల కొట్లో కొన్నది. "లైబ్రరీల పెట్టండ్రి. ఇంకెవలన్న రాస్తరు గద. పెన్సిల్‌తోనే చేసిన, అంత తుడిచేసిన."

"అనూషా."

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న పిల్ల వెనక్కి చూసింది.

"జాగ్రత్తగా పో బిడ్డా."

"సరే మేడం."

పెన్‌పహాడ్ ఆటో హారన్ రెండుసార్లు మోగింది. తరవాత రోడ్డు మీద లారీల చప్పుడే మిగిలింది. లైబ్రరీ ముద్ర వేద్దామని సరోజన పుస్తకం తెరిచింది. జవాబులన్నీ చెరిగిపోయి, పెన్సిల్ నొక్కిన చోట్ల సన్నటి గుంటలు మిగిలాయి. పేజీల మధ్య కుట్టు వెంబడి, నల్లటి రబ్బరు పొట్టు.