మాట్లాడే వాచీ

బటన్లు ఉండాలి, ముందు అది చూడాలి, అద్దం మీద వేలు రాస్తే కదిలే రకం అయితే చెమట చేతికి లొంగదు, అందులోనూ చూపు లేని మనిషికి అద్దమంతా ఒకటే నున్నదనం, ఎక్కడ నొక్కాలో వేలికి తగలాలి, బటన్లు, గొంతు, జీపీఎస్, గుండె వేగం, ధర, మళ్ళీ మొదటికొచ్చి బటన్లు, నిన్నంతా చేపల పొట్టలు శుభ్రం చేస్తూ చిన్నప్పటి పాఠంలా ఇదే అప్పజెప్పుకున్నాను, ఇంకో ఆలోచన పక్కన చేరకుండా, ఇప్పుడు ఈ మూడో అంతస్తు వాచీల కొట్లో గాజు బల్ల ముందు ఎత్తు కుర్చీ మీద కూర్చుని కూడా అదే అప్పజెప్పుకుంటున్నాను, పక్క కుర్చీలో వస్కీతో అనే మనిషి, అతని కోసమే ఈ వాచీ, పొద్దున్న పరిగెత్తినప్పటి చెమట ఎండి అతని మెడ మీద ఉప్పు చారలా ఉంది, చెబితే తుడుచుకుంటాడు, కానీ చెప్పబుద్ధి కావడం లేదు, ఇంకో ఎనిమిది రోజులు పోతే పెళ్ళి, ఆ తర్వాత అతని మెడ సంగతి చూసుకోవడానికి పలూపి ఉంటుంది, పలూపి ఎక్కడ చూస్తుందిలే, ఆమెకీ చూపు లేదు, పుట్టినప్పటినుంచే లేదు, కుదుస్‌లో అంధుల బడిలో పాఠాలు చెబుతుంది, ఒక్కసారి వచ్చింది మా సెమరాంగ్‌కి, నా రెండు చేతులూ పట్టుకుని, మూర్నీ అక్కా మీ చేతులు ఎంత గట్టివి, ఈయన్ని ఇన్నాళ్ళు నడిపించిన చేతులు ఇవేనా అంది, ఆ మాటలో విషం వెతికాను, లేదు, ఉంటే ఎంత బాగుండేది.

కో సియాంగ్ మూడు పెట్టెలు తెచ్చి బల్ల మీద పరిచాడు, ఈ కొట్టు ఆసామి, చీనా ఆయన, కో అంటే వాళ్ళ మాటలో అన్న, యాభై ఏళ్ళుంటాయి, పొట్ట బల్లకి ఆనుతుంది, తనూ పరిగెత్తుతానని చెప్పుకుంటాడు, వస్కీతో పక్కనే ఉన్నా నన్నే చూసి, అమ్మా ఈయనకి ఏ రంగు ఇష్టం అని అడిగాడు, అందరూ అంతే, హోటల్లో కూడా ఆయనకి కారం వేయమంటారా అని నన్నే అడుగుతారు, వస్కీతో నవ్వి, నాకు అన్ని రంగులూ ఒకటే కో, ఏ రంగు చౌకైతే అది ఇవ్వండి అన్నాడు, కో సియాంగ్ మొహం ఎర్రబడింది, తప్పయింది తమ్ముడూ, నోరు ముందు మెదడు వెనక నాకు, మా ఆవిడ రోజూ అంటుంది అన్నాడు, ఆ తర్వాత పెట్టెలు ఒక్కొక్కటీ అతని చేతికే ఇచ్చాడు, అందుకు ఆయన మీద నాకు కోపం పోయింది, కోపం ఎవరి మీదైనా ఉంటే కొంచెం ఊపిరాడేది.

మొదటిది అన్నిటికంటే చౌక, కానీ దానికి సొంత జీపీఎస్ లేదు, జేబులో ఫోను ఉంటేనే దూరం లెక్కపెడుతుంది, ఫోను జేబులో ఎగురుతుంటే పరిగెత్తడం అతనికి చిరాకు, అది పక్కన పెట్టాం, రెండోదానికి జీపీఎస్ ఉంది, మణికట్టు కింద ఆకుపచ్చ దీపాలు వెలుగుతాయి, వాటితో నాడి చూస్తుంది, రెండు వారాలు ఛార్జింగ్ అక్కర్లేదు, అన్నీ ఉన్నాయి, మాట మాత్రం లేదు, మూగది, మూడోది పోయినేడు వచ్చిన రకం, కొత్తది వచ్చింది కాబట్టి దీని ధర దించారు, నాలుగు బటన్లు, చిన్న స్పీకరు, కిలోమీటరుకోసారి ఎంత వేగం ఎంత నాడి పైకి చదివి చెబుతుంది, అదే కావాలి అతనికి, ఎందుకంటే కుదుస్‌లో అతని పక్కన పరిగెత్తబోయేది పలూపి వాళ్ళ నాన్న, బస్సు నడిపి రిటైరైన మనిషి, కాళ్ళు గట్టివే గానీ దగ్గరి అక్షరం కనబడదు, పైగా గంటకి రెండు మాటలు మాట్లాడతాడట, మామగారు తాడు పట్టుకుంటే చాలక్కా, లెక్కలు వాచీ చెబుతుంది అన్నాడు వస్కీతో పోయిన బుధవారం, మైదానం చుట్టు మధ్యలో, నేను గుంత ఉంది జాగ్రత్త అన్నాను, గుంత ఏమీ లేదు, నాకే అడుగు తడబడింది.

లెక్కలు వాచీ చెబుతుంది, నాలుగేళ్ళు ఆ లెక్కలు చెప్పింది నేను, ఆదివారమూ బుధవారమూ తెల్లారకముందే లేచి, పొయ్యి మీద పెద్ద కుక్కర్లో బండెంగ్ చేపలు ముళ్ళు మెత్తబడేదాకా ఉడకడానికి వదిలేసి, పసుపూ నీచూ పోయేదాకా నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని మైదానానికి వెళ్ళేదాన్ని, ఎంత రుద్దినా అతను తల తిప్పి, ఈరోజు వెల్లుల్లి ఎక్కువ పడిందక్కా అనేవాడు, అతని ఎడమ చేతికీ నా కుడి చేతికీ మధ్య జానెడు తాడు, ఎడమ, కుడి, ముందు నీళ్ళున్నాయి, ఎవరో పిల్లని పట్టుకుని నిలబడ్డారు, చుట్టు అయింది, రెండు నిమిషాల ఇరవై, ఇలా మాట్లాడుతూనే పరిగెత్తాలి, మాట ఆగితే అతని అడుగు భయపడుతుంది, మా అక్కచెల్లెళ్ళు నన్ను చిన్నప్పుడు మూగమొద్దు అనేవారు, నలభై రెండేళ్ళ బతుకులో నేను మాట్లాడిన మాటలన్నీ ఒక పక్క, ఆ మైదానంలో మాట్లాడినవి ఒక పక్క.

ఇదిగో వినండి అని కో సియాంగ్ ఒక బటన్ నొక్కాడు, వాచీలోంచి ఒక ఆడగొంతు వచ్చింది, చల్లగా, తొందర లేకుండా, కిలోమీటరు ఒకటి, ఆరు నిమిషాల పది సెకన్లు అంది, ఉత్తుత్తి అంకె, నమూనాకి, కానీ వస్కీతో మెడ కొంచెం అటు వంగింది, నా మాట వినేటప్పుడు వంగినట్టే, అది చూశాక నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది, గొంతు బాగాలేదు, ముక్కుతో మాట్లాడుతోంది, గాలిలో అసలు వినబడదు, ఆ రెండోదే నయం, ఛార్జింగ్ ఎక్కువ వస్తుంది అన్నాను, మూగదాన్ని అంటగడుతున్నాను, నాకు తెలుసు, మూగది కొంటే నెల తిరక్కుండా ఫోన్ చేస్తాడు, అక్కా లెక్కలు తెలియడం లేదు అంటాడు, బస్సెక్కితే కుదుస్ గంటన్నర, ఆదివారాలు వెళ్ళొచ్చు, అంతదాకా లెక్క వేసేశాను ఒక్క క్షణంలో, కో సియాంగ్ నా వంక వింతగా చూశాడు, అమ్మా చూపు లేనాయనకి మాట్లాడనిది ఎలాగమ్మా అన్నాడు, వస్కీతో మాత్రం మెల్లగా, నాకు బాగానే వినబడిందక్కా అన్నాడు, నేను సిగ్గుతో గాజు బల్ల కింద వాచీలు చూస్తూ కూర్చున్నాను, ఇరవై ముప్ఫై ఉన్నాయి, అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి.

కో సియాంగ్‌కి అమ్మే హుషారు పుంజుకుంది, ఆకాశంలో ఉపగ్రహాలతో దూరం కొలుస్తుంది తమ్ముడూ, మేడల మధ్య కాస్త తికమక పడుతుంది గానీ మైదానంలో, పొలాల పక్కన ఢోకా లేదు, మనిషిలా మొహమాటానికి తగ్గించి చెప్పదు, పెంచి చెప్పదు అన్నాడు, వస్కీతో నవ్వాడు, అయితే అలవాటు పడటానికి టైము పడుతుంది కో, మా అక్క నాలుగేళ్ళుగా చుట్టుకి నాలుగైదు సెకన్లు కొట్టేసి చెబుతోంది నాకు అన్నాడు, ఏం మాట్లాడుతున్నావు నువ్వు అన్నాను, నాకు అడుగులు లెక్కే కదక్కా, ఒక చుట్టుకి ఎన్ని అడుగులో, ఒక అడుగుకి ఎంతసేపో అన్నీ తెలుస్తాయి, పోటీల్లో వాళ్ళు చెప్పే టైమూ మీరు చెప్పే టైమూ ఎప్పుడూ కలవవు, మీరేమో వాన అనేవారు, జనం అనేవారు, ఒకసారి గేదె అడ్డం వచ్చిందన్నారు, ఊరి మధ్యలో గేదె ఎక్కడిదక్కా అన్నాడు, కో సియాంగ్ పొట్ట ఊగేలా నవ్వాడు, నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను.

మొదలుపెట్టింది మాత్రం నవ్వడానికి కాదు, అతను మైదానానికి వచ్చిన కొత్తలో, చూపు పోయి అప్పటికి రెండేళ్ళు, పక్కన ఎవరున్నా అడుగు గాలిలోనే ఆపేవాడు, మొదటి చుట్టు నాలుగు నిమిషాలు పట్టింది, నేను నిజమే చెప్పాను, అతని మొహం కిందికి వాలిపోయింది, ఇక రాడు అనిపించింది, రెండో చుట్టుకి పది సెకన్లు మింగేసి చెప్పాను, తల ఎత్తాడు, నిజంగానా అన్నాడు, ఆ నిజంగానా కోసం అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను, మరి తెలిసి ఎందుకు అనలేదు ఇన్నాళ్ళూ అని అడిగాను ఇప్పుడు, మామూలుగా అడిగానని అనుకుంటున్నాను, ఎందుకంటానక్కా, తగ్గించి చెప్పినప్పుడు మీ గొంతులో ఎంత సంతోషం ఉండేదో మీకు తెలియదు అన్నాడు, రోజంతా నీళ్ళ ఆఫీసులో ఫోన్లెత్తేవాణ్ణి, కుళాయి రావడం లేదని వంద మంది చెబితే అందులో ఎవరికి వస్తోందో ఎవరికి రావడం లేదో ఊపిరిలోనే తెలిసిపోతుంది అన్నాడు, కో సియాంగ్‌కి చెబుతున్నట్టుగా.

సరే అదొక్కటే తెలుసు, అంకెల సంగతే కదా, అది బయటపడితే ఏం, మిగతాది భద్రంగానే ఉంది, మిగతాది అతనికి తెలియదు, అదే నాకున్న ఒక్క ఊరట, చెబుదామనుకున్నాను, మొదటేడు పండక్కి చెబుదామనుకున్నాను, కొత్త చొక్కా కుట్టించి తీసుకెళ్ళి ఇచ్చి, వర్షాలు తగ్గాక చెబుదామని తిరిగొచ్చాను, మరుసటేడు మగాంగ్ కొండ పోటీలో పదిహేను కిలోమీటర్లు పూర్తి చేసి ఇద్దరం గడ్డి మీద పడిపోయినప్పుడు నోటిదాకా వచ్చింది, అతను దాహం అక్కా అన్నాడు, నీళ్ళకి లేచాను, అతను నాకంటే నాలుగేళ్ళు చిన్న, నేను చేపలమ్మే ఆడదాన్ని, జనం అవిటివాడు కాబట్టి వల వేసింది అంటారు, అవన్నీ సాకులే, వద్దంటాడేమోనని భయం, అంతే, ఈలోగా అంధుల సభకి వెళ్ళి పలూపిని కలిశాడు, పెళ్ళి మాట నాకే మొదట చెప్పాడు, ఆరోజునుంచీ నన్ను నేను ఓదార్చుకున్నది ఈ ఒక్క మాటతోనే, అతనికి తెలియదు, తెలిసి ఉంటే వేరేలా ఉండేది, తప్పు నాది, నోరు విప్పనిది నేను, తప్పు మనదైతే బాధ కూడా మన చేతిలో ఉన్నట్టే ఉంటుంది, ఎటైనా తిప్పుకోవచ్చు.

అమ్మా మీ చెయ్యి ఇటివ్వండి అన్నాడు కో సియాంగ్, ముందు మీకు నేర్పుతాను, తీరిగ్గా ఈయనకి మీరు నేర్పండి, నా మణికట్టు ఎముకకి వేలెడు పైన వాచీ బిగించాడు, వదులుగా ఉంటే నాడి తప్పు చూపిస్తుందమ్మా, బిగువుగా ఉండాలి, నెత్తురు ఆగేంత కాదు, ఆకుపచ్చ దీపాలు చర్మం మీద మినుకుమన్నాయి, ఈ పక్క కింది బటన్ నొక్కితే అప్పటికప్పుడు నాడి చెబుతుంది, తమ్ముడూ వినండి, కూర్చున్న మనిషికి డెబ్భై ఎనభై ఉంటుంది, అమ్మ పరిగెత్తే మనిషి కాబట్టి అరవయ్యే ఉండొచ్చు అని నొక్కాడు, వస్కీతో మెడ వంచాడు, మోకాలు నా మోకాలికి తగులుతోంది, ఆ చల్లటి ఆడగొంతు, తొందర లేకుండా, కొట్లో అందరికీ వినబడేలా, గుండె వేగం నూట పద్దెనిమిది అంది.

కో సియాంగ్ ఆగి, పట్టీ సరిచేసి, మళ్ళీ నొక్కాడు, గుండె వేగం నూట ఇరవై నాలుగు, అదేంటి అన్నాడు, తన చేతికి పెట్టుకుని చూశాడు, ఎనభై రెండు, మళ్ళీ నా చేతికి పెట్టాడు, చెయ్యి వెనక్కి లాక్కుందామనుకున్నాను, ఎందుకు లాక్కున్నావంటే ఏం చెప్పను, మళ్ళీ నూట ఇరవై పైనే, వాచీలో లోపం లేదమ్మా, మీరు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి, కుర్చీలో కూర్చుని ఇంత ఉండకూడదు అన్నాడు, నిజంగానే కంగారుపడుతూ, మంచివాడు, నాలుగేళ్ళు చుట్టు చుట్టుకీ అబద్ధం ఆడినదాన్ని, ఒక్క అబద్ధం దొరకలేదు నాకు.

వస్కీతోకి దొరికింది, ఏం లేదు కో, మా అక్క మెట్లెక్కి వచ్చింది అన్నాడు, నవ్వుతూ, ఇట్టే, మూడంతస్తులు, లిఫ్టంటే భయం ఆవిడకి, డాక్టరెందుకు, ఆ వాచీ ఇచ్చేయండి, అదే తీసుకుంటాను అన్నాడు, కో సియాంగ్ అయితే సరేనమ్మా, కాసిన్ని నీళ్ళు తాగండి అని సీసా నా ముందు పెట్టి బిల్లు రాయడానికి వెళ్ళాడు, నేను నీళ్ళు తాగాను, మూత పెట్టాను, మేం మెట్లెక్కి రాలేదు, లిఫ్టులోనే వచ్చాం, అతని వేళ్ళు నా మోచేతి మీద ఉన్నాయి, మూడో బటన్ నేనే నొక్కాను, పైకి వచ్చాక ఈ కుర్చీల్లో అరగంటగా కూర్చునే ఉన్నాం, అతనికి తెలుసు ఆ సంగతి, నాకు తెలుసు, నన్ను కాపాడటానికి చెప్పాడు, కాపాడాల్సింది ఏముందో తెలియనివాడు కాపాడడు, తెలియనివాడైతే ఏమైందక్కా ఒంట్లో బాగాలేదా అని అడిగేవాడు, చెయ్యి పట్టుకుని నుదురు తాకి చూసేవాడు, పోయినేడు జ్వరమొస్తే అలాగే చూశాడు, ఇప్పుడు అడగలేదు, ఆశ్చర్యపోలేదు, మాట సిద్ధంగా ఉన్నట్టు చెప్పేశాడు, చాలాకాలంగా సిద్ధంగా ఉన్నట్టు.

డబ్బు కట్టి, పెట్టె సంచిలో పెట్టుకుని, నా మోచెయ్యి పట్టుకున్నాడు, రోజూ పట్టుకున్నట్టే, ఎక్కువ కాదు తక్కువ కాదు, వెళ్దామా అన్నాడు, మొహంలో ఒక్క గీత కూడా మారలేదు, నవ్వులో జాలి ఉందేమోనని చూశాను, జాలి కాదు, జాగ్రత్త, పగిలే వస్తువు పక్కనుంచి నడిచే మనిషి జాగ్రత్త, అది కొత్తది కాదు, ఆ గడ్డి మీద దాహం అన్నప్పుడూ అదే, ఆ చొక్కా తీసుకుని ఇలాంటివి ఎందుకక్కా అన్నప్పుడూ అదే, పెళ్ళి మాట ముందు నాకే చెప్పినప్పుడూ అదే, నేను నోరు తెరవబోయిన ప్రతిసారీ నాకంటే ఒక క్షణం ముందు అతనే మాట మార్చాడు, నేను నా పిరికితనం అనుకున్నాను, అడుగు చప్పుడులో వేగం వినేవాడు, ఫోనులో ఊపిరి వినేవాడు, జానెడు దూరంలో నాలుగేళ్ళు పరిగెత్తిన మనిషిని వినలేదని ఎలా అనుకున్నాను, చెప్పి ఉంటే వేరేలా ఉండేదని ఎలా నమ్మాను, నేను చెప్పలేదనుకున్నదంతా అతనికి ఎప్పుడో చేరింది, అంతా విన్నాడు, విని, వద్దనుకున్నాడు.