బొమ్మ కింద దాచిన మాట

నేను ఒక పాత కంప్యూటర్‌ని. పుట్టిన ఊరేదని అడిగితే చెప్పలేను. నా డబ్బా ఒక చోట తయారైంది, తెర ఇంకొక చోట, కీబోర్డు మరెక్కడో. రాజమండ్రిలో ఒక చిన్న దుకాణంవాడు అన్నింటినీ కలిపి స్క్రూలు బిగించి, "సరికొత్త సరుకండీ, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు. కొన్నవాడు నిజంగానే కళ్లు మూసుకుని తీసుకెళ్లాడు.

అతనిది ఫోటో స్టూడియో. అక్కడ నా పని ముఖాలు బాగుచేయడం. మొటిమలు చెరిపాను, బట్టతలలకు జుట్టు పెట్టాను. ఒక పెద్దాయన పక్కన, పెళ్లికి రాలేకపోయిన ఆయన తమ్ముణ్ణి నిలబెట్టాను. అన్నేళ్లలో "నా ముఖం ఉన్నదున్నట్టు ఇవ్వండి" అని అడిగిన మనిషి ఒక్కడూ రాలేదు. మనుషులు ఇంతే కాబోలు అనుకుని ఊరుకున్నాను.

స్టూడియో మూతపడ్డాక సింహాచలం అనే ఆయన నన్ను కొని, పల్లెలో ఉన్న తన అక్క ఇంటికి తెచ్చాడు. మేనకోడలు హైమావతి పదో తరగతికి వచ్చిందని బహుమతి. ఆ ఇల్లు వెదురు పనివాళ్లది. నానబెట్టిన వెదురు వాసన గదంతా నిండి ఉండేది. హైమ తండ్రి నూకరాజు చేటలు, తట్టలు, పెళ్లిబుట్టలు అల్లేవాడు. ఆ వైపు పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తారు. నూకరాజు అల్లిన బుట్ట ఎంత బరువైన పెళ్లికూతురినైనా మోస్తుందని పేరు.

హైమ మెత్తని పిల్ల. జవాబు తెలిసినా క్లాసులో చెయ్యెత్తదు. నా ముందు కూర్చున్నప్పుడు మాత్రం వేళ్లు చకచకా ఆడేవి. మేనమామ ఇంటికి నెట్ పెట్టించి, నాలో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్లాడు. దానితో పైసా ఖర్చు లేకుండా వెబ్ పేజీ తయారుచేసుకోవచ్చు. కోడ్ రాయడం రానక్కర్లేదు. మాటలకొక పెట్టె, బొమ్మకొక పెట్టె. మౌస్‌తో పట్టుకుని కావలసిన చోటికి లాగి వదిలేయడమే. హైమ ముగ్గు వేసినంత శ్రద్ధగా వాటిని సర్దేది.

ఒక ఆదివారం నూకరాజు చేతులు తుడుచుకుని పక్కన పీట వేసుకున్నాడు.

"రాయమ్మా. పెళ్లిబుట్టలు, చేటలు, కోళ్ల గంపలు."

"రాశాను నాన్నా."

"ఇంకోటి. పాడెకు వెదురు కావలసినవారు ఏ వేళైనా తలుపు కొట్టొచ్చు, డబ్బు తీసుకోము అని రాయి."

హైమ వేళ్లు ఆగాయి. "అది కూడానా నాన్నా?"

"అదే ముందు రాయించాలనుకున్నాను. ఇంట్లో మనిషి పోయినోళ్లు డబ్బుల్లేక గుమ్మం కాడ నసుగుతా నిలబడతన్నారు. నేను అడగనని ఊరోళ్లకి తెలుసుగానీ పై ఊళ్లోళ్లకి ఎలా తెలుత్తాది?"

ఆమె రాసింది. పేజీ చివర విడిగా ఒక పెట్టెలో పెట్టింది. నూకరాజు తెర మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుని, సంతోషంగా లేచి వెళ్లాడు.

హైమకు ఎందుకంత ఇబ్బందో నాకు తెలుసు. ఊళ్లో ఎవరు పోయినా పాడె కట్టేది ఆమె నాన్నే. స్కూల్లో జరిగినవి ఇంటికొచ్చి తల్లితో చెప్పుకునేటప్పుడు నేనూ వినేదాన్ని. లలితశ్రీ అనే పిల్ల అన్నం తినేటప్పుడు అందరి ముందూ అందట: "హైమా, మా తాతకి ఒంట్లో బాలేదే. మీ నాన్నకి చెప్పి ఒకటి తీసి ఉంచవే!" పిల్లలందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. తను నవ్వినందుకే ఆమెకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె నా ముందు చాలాసేపు కూర్చుంది. ఆ పెట్టెను చెరిపేయడానికి చెయ్యి రాలేదు. నాన్న ఎదురుగా రాసిన మాట. చెరిపితే మోసం అవుతుంది. కప్పితే కాదనుకుందో ఏమో, తన పిన్ని పెళ్లి ఫోటోను, పిన్ని పెళ్లిబుట్టలో కూర్చుని నవ్వుతున్న బొమ్మను, మెల్లగా లాగి సరిగ్గా ఆ మాటల మీద పెట్టింది. అంచులు చూసుకుంది. ఒక్క అక్షరం కూడా కనబడలేదు. నాన్న అడిగితే బొమ్మ పక్కకు జరిపి, ఉందిగా నాన్నా అని చూపించవచ్చు. పబ్లిష్ నొక్కేసింది.

తెర పైన ఒక మూల చిన్న ఫోన్ గుర్తు ఉంటుంది. అది నొక్కి ఉంటే ఆ పేజీ ఫోన్‌లో ఎలా కనబడుతుందో చూపించి ఉండేదాన్ని. ఆమె నొక్కలేదు. ఆ ఇంట్లో ఉన్నది బటన్ల ఫోన్ ఒక్కటే, అందులో పేజీలు కనబడవు. ఫోన్ తెర సన్నం. అక్కడ పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోలేవు. అన్నీ విడిపోయి, ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. నా తెర మీద దాక్కున్నది, ఊరందరి చేతుల్లో బయటపడింది.

పేజీ చూసి వచ్చిన మొదటి బేరం అమలాపురం వైపు పెళ్లివారిది. పెళ్లిబుట్ట, దానితో పాటు సారె తట్టలు. అంతకుముందు అంత పెద్ద బేరం ఆ ఇంటికి రాలేదు. నూకరాజు దంపతులు వేరే పని ముట్టలేదు. బుట్ట అంచులకు పసుపు పూసి గదిలో ఆరబెట్టారు. నా తెరకు కూడా ఆ పసుపు అంటింది.

తట్టలు పూర్తయ్యే వేళకు ఫోన్ మోగింది. ఆ ఫోన్‌లో గొంతు గదంతా వినబడుతుంది.

"ఏవండీ, బుద్ధుందా మీకు? పెళ్లికూతురి బొమ్మ కింద పాడె అని రాత్తారా? మా వియ్యపురాలు ఫోన్లో చూసి నానా మాటలూ అందండీ! శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే!"

నూకరాజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ముందు వంగిపోయాడు. "తప్పైపోయిందమ్మా. నేనేనండి చెప్పి రాయించాను. పిల్లకేం తెలుసండి, చిన్నపిల్ల. నాకే బుద్ధి లేకపోయింది."

"మీ బుట్టా వద్దు, మీరూ వద్దు!" అని ఆవిడ పెట్టేసింది.

హైమ గుమ్మంలో పుస్తకాల సంచితో నిలబడి అంతా వింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

"ఆ మాట తీసెయ్యమ్మా," అన్నాడు నూకరాజు కూతురి వైపు చూడకుండా. "మంచి కాడ చెడ్డ మాట రాయించాను. నీ పేజీ పాడు చేశాను."

ఆమె కోరుకున్నదదే. నా ముందు కూర్చుని పేజీ తెరిచింది. ఒక్క మీట నొక్కితే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. వేలు ఆ మీట మీదే ఉంది. స్టూడియోలో నేను ఎన్ని ముఖాలు మార్చానో లెక్కలేదు. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ పూట మాత్రం ఆ వేలు బరువు నాకు తెలిసింది.

"నాన్నా, ఇలా రా."

అతను వచ్చాడు. ఆమె బొమ్మను పట్టుకుని పక్కకు లాగింది. కింద అతని మాటలు అతను చెప్పినట్టే ఉన్నాయి.

"నువ్వు చెప్పింది విడిగా, చివర్న పెట్టాను. తర్వాత నేనే బొమ్మ తెచ్చి దీని మీద పెట్టాను. ఫోన్లో బొమ్మ పైకి జరిగిపోయినట్టుంది."

"మీద ఎందుకెట్టావ్?"

ఆమె మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"కనబడకూడదనా?"

"ఊఁ."

"నాకా?"

"వేరేవాళ్లకి." ఆ మాట అనేటప్పుడు ఆమె గడ్డం మెడలోకి దిగిపోయింది.

నూకరాజు తెర మీద వేలు పెట్టి ఆ మాటలు మళ్లీ చదువుకున్నాడు. తిడితే బాగుండేది. తిట్టలేదు. ఆరబెట్టిన పెళ్లిబుట్టను ఎత్తి, అటకమీద ఒక పక్కకు పెట్టాడు. "పెళ్లోళ్లకో పేజీ, పోయినోళ్లకో పేజీ పెట్టడానికి వీలు కాదా ఇందులో?" అని మాత్రం అడిగాడు.

"అవుతుంది నాన్నా."

"అయితే అలా పెట్టు. ఇష్టమైతేనే."

ఆ చివరి మాటకు ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే రెండో పేజీ తయారుచేసింది. అందులో బొమ్మలు లేవు, ఆ మాటలూ ఫోన్ నంబరూ మాత్రమే. ఈసారి ఫోన్ గుర్తు నొక్కి చూసుకుంది. పెళ్లివారు మాత్రం మళ్లీ పలకలేదు.

ఆ తర్వాత నేను ఎక్కువ కాలం నడవలేదు. తెర మసకబారింది, లోపల ఏదో కాలిన వాసన వచ్చింది. సింహాచలం చూసి పెదవి విరిచాడు. పాత ఇనుప సామాన్లవాడికి వేయమని నన్ను గుమ్మం పక్కన, చిరిగిన గొడుగుతో పాటు పెట్టారు. మనుషుల రహస్యాలన్నీ కడుపులో పెట్టుకున్నదాన్ని చివరికి తూకానికి అమ్ముతారు. తప్పులేదు. వాళ్ల రహస్యాలు కూడా అంత బరువైనవేం కావు.

అక్కడుండగానే ఒక ఉదయం ఫోన్ మోగింది. నూకరాజు వెదురు కొట్టడానికి వెళ్లాడు. హైమ స్కూలు బట్టల్లో ఉంది. వీధిలో లలితశ్రీ, ఇంకో ఇద్దరు సైకిళ్లు ఆపి ఆమె కోసం చూస్తున్నారు.

అవతల ఎవరో కుర్రవాడి గొంతు, తడబడుతూ. "మా అమ్మ... డబ్బు తీసుకోరని రాశారు. నిజమేనా అండీ?"

హైమ వీధి వైపు ఒకసారి చూసింది. ముఖం, చెవులు, మెడ మొత్తం ఎర్రబడ్డాయి. తలుపు మూయడానికి చెయ్యి చాపింది కూడా. తర్వాత ఆ చేతిని వెనక్కి తీసుకుంది.

"నిజమేనండి. మా నాన్న తీసుకోరు. రండి. ఊళ్లోకొచ్చి, పాడెలు కట్టే నూకరాజుగారి ఇల్లెక్కడని అడగండి. ఎవరైనా చూపిస్తారు."