తీసేసినవాళ్ళ పంక్తి

రండమ్మా, రండి. ఆ స్తంభానికి ఆనుకున్న అక్కా, నువ్వు కూడా ఇటు జరుగు. భజన అయిపోయింది, పులిహోర ఇంకా పొయ్యి మీదనే ఉందని వంటాయన చెప్పి పంపినాడు. చెన్నకేశవుడి ముందర కూర్చుని సెల్లు నొక్కుకోవడం ఎందుకు, ఒక సంగతి చెప్తాను వినండి. ముందున్నవాళ్ళు కాస్త మోకాళ్ళు ముడుచుకుంటే వెనకవాళ్ళకు చోటు దొరుకుతుంది. ఆ, అట్ల.

మన మార్కాపురంలోనే, పలకల దుకాణం దశరథరామయ్య గారి ఇంట్లో పొద్దున వినబడే మొదటి మాట ఏందో తెలుసునా? సుప్రభాతం కాదు. ఆయన భార్య రాజేశ్వరమ్మ గారు బియ్యం డబ్బా మూత తీసి, చేత్తో గ్లాసు పట్టుకుని, కొడుకును అడిగే మాట.

"ఒరే ఫణీ, నిన్న ఎంతమందిని తీసేసినార్రా?"

ఫణికుమార్ నోట్లో బ్రష్షుతోనే చెప్పేవాడు. "ఇద్దరిని. పోస్టుమ్యానును, హీరోయిన్ మేనత్తను."

"మేనత్త ఉల్లిపాయ తింటదా?"

"అది నేను రాయలేదమ్మా."

"అదే నీతో వచ్చిన తంటా. మనిషిని పుట్టిస్తావు, ఏం తింటదో రాయవు." ఇంత మాట అని, రాజేశ్వరమ్మ గారు ఇంకో రెండు గ్లాసుల బియ్యం పోసేది.

ఫణికుమార్ టీవీ సినిమాలు రాసేవాడు. థియేటరుకు వచ్చేవి కావు. పండగ మధ్యాహ్నం అందరం తిని పడుకున్నాక, చూసేవాళ్ళు లేకపోయినా టీవీలో దాని పాటికి అది ఆడుతుంటుందే, అట్లాంటివి. హైదరాబాదులో ఒక ఛానల్ వాళ్ళకు రాసేవాడు. మేడ మీద గదిలో కూర్చుని రాసి పంపితే, అక్కడి నుంచి పవన్ కుమార్ అనే అబ్బాయి ఫోన్ చేసేవాడు. ఛానల్ తరఫున కథలు చూసే ఉద్యోగం అతనిది. మంచి మర్యాదస్థుడు. అంత మర్యాదగా మనుషుల్ని తీసేసేవాడు ఇంకొకడు ఉండడు.

"సార్, చాలా ఎమోషనల్‌గా ఉంది సార్. నాకైతే కళ్ళలో నీళ్ళు. కానీ ఆ పోస్టుమ్యాన్ అవసరమా అండి? బడ్జెట్ చూసుకోవాలి కదా."

అట్ల కథలోంచి తీసేసిన మనిషి మరునాడు మధ్యాహ్నం హైదరాబాదు బస్సులో, చేతిసంచితో మార్కాపురం బస్టాండులో దిగేవాడు. అందరూ ఆకలి మీదనే దిగేవాళ్ళు. ఎందుకంటే టీవీ సినిమాల్లో అన్నం తినే సీను రాయనీయరు. కెమెరాతో ఒకసారి తీసిన సీను మళ్ళీ తీయాలంటే విస్తట్లో అన్నం అంతే ఉండాల, పప్పు అంతే ఉండాల. ఆ తలనొప్పి ఎవరు పడతారని, కంచం కనిపిస్తే చాలు పవన్ కుమార్ కొట్టేయించేవాడు. పాపం వాళ్ళు పుట్టినప్పటి నుంచి ముద్ద ఎరగనివాళ్ళు.

బస్టాండులో ఆటోవాళ్ళు మొహం చూసి గుర్తుపట్టేవాళ్ళు. "తీసేసినోళ్ళేనా? ఫణికుమార్ గారింటికే కదా, ఎక్కండి."

పోస్టుమ్యాను వీధిలో కరెంటు బిల్లులు పంచిపెట్టేవాడు. విలన్ బామ్మర్ది దుకాణంలో పలకలకు చట్రాలు బిగించేవాడు, చెయ్యి నెమ్మదైనవాడు, ఒక్క పలకా పగలగొట్టలేదు. ఒకసారి పెళ్ళి సీను మొత్తం ఎత్తేసినారు. మరునాడు పెళ్ళికొడుకుతో సహా బ్యాండుమేళం దిగింది.

"పోస్టుమ్యాన్లంటే సరే. ఈ బ్యాండుమేళాన్ని ఏం చేసుకోవాల్రా?" అని దశరథరామయ్య గారు నెత్తి పట్టుకున్నాడు. "మా పలక మీద రాసింది తుడిస్తే పోతుంది. నువ్వు కంప్యూటర్‌లో కొట్టేస్తే నేరుగా మన వసారాలోకి వస్తుంది. ఇంతమందికి అన్నం పెట్టే పని కంటే పలకలు అమ్ముకునే పని నయం కాదా?"

వార్డు సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి వసారాలో తలలు చూసి, "రేషన్ కార్డులో ఎక్కించమంటే ఎక్కిస్తానక్కా, పుట్టిన తేదీ చెప్పండి" అన్నది.

"రెండో డ్రాఫ్టు," అన్నది మేనత్త.

నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు వీధి వీధంతా వరుసలో తోసుకునేది కదా. అప్పుడు కూడా పక్కింటి సంతోషమ్మ తన బిందె వెనక్కి లాక్కుని, "మీకు తీసేసినోళ్ళు ఎక్కువైనారు, ముందు మీరు పట్టుకోండి వైష్ణవీ" అనేది. వైష్ణవి ఫణికుమార్ భార్య. ఆ పిల్ల పట్టిన బిందె వసారాలో దించి మొగుడి వైపు చూసేది.

"మీరు ఒక్క సినిమా రాస్తే నేను ఒక ఊరికి వండాలి. తక్కువమందితో కథ రాయడం రాదా అండీ మీకు?"

"తక్కువమందితోనే రాస్తున్నా. వాళ్ళకు ఇంకా తక్కువ కావాలంట."

ఇట్ల విసిగిపోయి విసిగిపోయి, ఫణికుమార్ ఒక కథ మొదలుపెట్టినాడు. ఇది ఛానల్ కోసం కాదు, తన కోసం రాసుకున్నది. దశరథరామయ్య గారు అప్పటికే చెప్పేసినాడు: "ఇదే ఆఖరుది. ఇది టీవీలో రాకపోతే నువ్వు దుకాణంలో కూర్చోవాల." చెప్పి ఊరుకోలేదు, గల్లాపెట్టె ముందర కుర్చీకి కొత్త దిండు కూడా కుట్టించినాడు.

ఆ కథ చెంచమ్మ అనే ఆమెది. యర్రగొండపాలెం అవతల అడవి అంచున మేకలు మేపుకునే ముసలామె. సంతకు పోతా వస్తా బస్సులో ఎవరైనా దిగులుగా కనిపిస్తే వాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ఏమైందని అడగదు. దిగాల్సిన చోటు వచ్చేదాకా వదలదు. అంతే కథ.

ఎందుకు రాసినాడంటే, చాలా ఏళ్ళ కింద అతని మొదటి కథను మొహాన కొట్టి పంపినప్పుడు, అదే హైదరాబాదు బస్సులో అతను కిటికీలోంచి శ్రీశైలం లోయల్లోకి చూడరాని చూపు చూస్తా వచ్చినాడు. పక్క సీటు ముసలామె మార్కాపురం దాకా అతని చెయ్యి పట్టుకునే ఉన్నది. దిగినాక ఆమె పేరు అడగాలని గుర్తొచ్చింది. బస్సు వెళ్ళిపోయింది. పేరు తెలియదు కాబట్టి చెంచమ్మ అని తనే పెట్టుకున్నాడు.

తన కోసం రాసుకున్నదైనా, పంపడానికి ఇంకో చోటు లేక ఛానల్‌కే పంపినాడు. పవన్ కుమార్ ఫోన్ చేసినాడు. "సార్, అద్భుతం సార్. కానీ మేకలు..."

"ఏందయ్యా మేకలు?"

"జంతువులుంటే పర్మిషన్లు తెచ్చుకోవాలండి. మేకలు లేకుండా మేకలు కాసే ఆవిడగా చూపిద్దాం."

మరునాడు మేకలు దిగినాయి. దిగీ దిగగానే రాజేశ్వరమ్మ గారి తులసి కోటలో ఒక్క ఆకు మిగల్చకుండా మేసేసినాయి. ఆ తల్లి కోపం ఆ రోజు చూడాల్సిందే. "మనుషులకు పెడతాను. మేకలకు పెడతాను. నా తులసమ్మనే తినాల్నా? ఆ పవన్ కుమార్ దొరికితే తులసి మొక్క తెమ్మని చెప్పు!"

తరువాత బస్సు కండక్టరు వచ్చినాడు, సంతలో గాజులమ్మే ఆమె వచ్చింది. కథలో చెంచమ్మ ఒక్కతే మిగిలింది. అప్పుడు మళ్ళీ ఫోను.

"సార్, మీరు ఫీలవ్వకూడదు. ఆవిడ ఊరికే అందరి చెయ్యీ పట్టుకుంటుంది. దానివల్ల కథకు ఏం ఉపయోగం అండి?"

"ఉపయోగమేందయ్యా? అదే కథ!"

"ఆవిడ ప్లేసులో ఒక యూట్యూబర్ అమ్మాయిని పెడదాం సార్. టూర్లు తిరుగుతుంటుంది. సాయంత్రానికి మార్చి పంపండి. లేకపోతే పై వాళ్ళు ఇంకొకరితో రాయిస్తామంటున్నారు. నా చేతుల్లో ఏం లేదు సార్, నన్నూ నెల నుంచి ఒకటే తిట్లు."

ఫణికుమార్ ఫోను మంచం మీదకు విసిరేసినాడు. కిందికి చూస్తే దుకాణంలో కొత్త దిండు ఎర్రగా కనిపించింది. వసారాలో మేకలు అరుస్తున్నాయి, బ్యాండువాళ్ళు డప్పు బిగిస్తున్నారు. పొద్దు వాలేలోపల అతను చెంచమ్మను కొట్టేసి, ఫైలు పంపించి, తలుపు వేసుకున్నాడు.

పొద్దున బియ్యం డబ్బా మూత తెరుచుకుంది.

"ఎంతమందిరా?"

"ఒక్కర్నే."

"ఎవరిని?"

"చెంచమ్మను."

రాజేశ్వరమ్మ గారి చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. కొడుకు బస్సులో వచ్చిన ఆనాటి సంగతి ఆమెకు తెలుసు. "ఎవరు తీసేసినారు?"

"నేనే అమ్మా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదని ఫణికుమార్‌కు అనిపించింది. గ్లాసు నిండా బియ్యం తీసి ఎసట్లో పోసి, "అందరూ ఆటోలో వచ్చినారు. ఆమెకు మాత్రం నువ్వే ఎదురుపో" అన్నది.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఫణికుమార్ బస్టాండులో నిలబడినాడు. బస్సు ఆలస్యంగా వచ్చింది. జనం దిగినాక, మెట్టు మీద ముందర ఒక కర్ర ఆనింది, తరువాత ఒక ముసలి పాదం ఆనింది. అతను రాసినట్లే ఉంది, అదే ముతక చీర, అవే తెల్లబడిన కనుబొమ్మలు. తల దించుకుని ఆమె కర్ర అందుకోబోయినాడు.

"ఏం నాయనా, బాగుండావా? ఇదిగో, ఈ పిల్లోన్ని ముందు దించుకో."

ఆమె కుడిచేత్తో కర్ర, ఎడమచేత్తో ఒక పడుచువాడి మణికట్టు పట్టుకుని ఉంది. ఇస్త్రీ చొక్కా నలిగిపోయి, మెడలో ఆఫీసు తాడు ఉంది గానీ దాని చివర కార్డు లేదు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరమ్మా ఈయన?"

"నాకేం తెలుసు? పక్క సీటు. టికెట్టు శ్రీశైలం డ్యామ్ దాకానే తీసుకున్నాడంట. ఆడికి రాంగానే లేస్తాడు. ఆడ నీకు ఎవరుండారురా అంటే ఎవరూ లేరంటాడు. ఎవరూ లేనికాడ నీకేం పనిరా, కూర్చో అని చెయ్యి పట్టుకున్నా. కండక్టరు గొణిగినాడు. గొణగనీ. ఇంతదాకా వదల్లే."

ఆ అబ్బాయి తలెత్తినాడు. "సార్," అన్నాడు.

ఫోనులో ఏళ్ళ తరబడి విన్న గొంతు. మనిషిని చూడటం అదే మొదలు.

"పవన్ కుమారా?"

"మీ ఫైలు వచ్చింది సార్. తెరవబోతుంటేనే పిలిచారు. టెలిఫిల్ములు మొత్తం ఎత్తేశారట. నన్ను కూడా..." మాట పూర్తి కాలేదు. పూర్తి చేయాల్సిన పని కూడా లేదు, ఆ ఊళ్ళో ఆ మాట తెలియనివాళ్ళు ఎవరు?

ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి, "తీసేసినోళ్ళేనా? ఎక్కండి" అన్నాడు.

వసారాలో పంక్తి వేసి ఉంది. రాజేశ్వరమ్మ గారు కొత్త మొహాన్ని చూసి పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "కాళ్ళు కడుక్కో నాయనా" అని విస్తరి వేసింది. పోస్టుమ్యానుకూ విలన్ బామ్మర్దికీ నడుమ చోటు దొరికింది. "సరేనండీ" అన్న గొంతు వినగానే, ఫోనులో తమను తీసేయించిన గొంతు అదేనని పంక్తి అంతా గుర్తుపట్టింది. మేనత్తే ముందు పలికింది.

"'ఈమె అవసరమా' అన్నది నువ్వేనా అబ్బీ? సరే తిను, తిను. తిన్నాక నీ పని చెప్తా."

విలన్ బామ్మర్ది నెయ్యి గిన్నె అతని వైపు జరిపినాడు. రాజేశ్వరమ్మ గారు పప్పు వడ్డిస్తా, "తులసి మొక్క తెచ్చినావా?" అని మాత్రం అడిగింది. పాపం ఆ పిల్లవాడికి ఆ మాటేందో తెలియదు. కుడిచేత్తో ముద్ద కలుపుకుంటున్నాడు, ఎడమచెయ్యి ఇంకా చెంచమ్మ చేతిలోనే ఉంది. రెండో ముద్దకు ఏడుపొచ్చింది. అట్లనే తిన్నాడు.

"ఆవిడ చెయ్యి ఎందుకు పట్టుకుంటుందని అడిగాను కదండీ," అన్నాడు ఫణికుమార్‌తో.

"అడిగినావు."

"ఆ సీను మళ్ళీ పెట్టండి సార్."

"పెడతానయ్యా. పెట్టి ఎవరికి పంపాల? ఛానల్‌వాళ్ళు సినిమాలే ఎత్తేసిరి, నాకు దిండు కుట్టించి పెట్టిరి!" ఫణికుమార్‌కు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు ఈ మాట నిన్న చెప్పి ఉంటే..."

ఆగిపోయినాడు. పవన్ కుమార్ ఆ మాట నిన్న చెప్పి ఉంటే, చెంచమ్మ ఆ రోజు కథలోనే ఉండేది. ఆ బస్సులో ఆ పక్క సీటు ఖాళీగా ఉండేది. స్వామీ, నీ లెక్క నీకే తెలుసు.

తరువాత ఆ సినిమా తీసినారమ్మా. పవన్ కుమార్ తన సెల్లుతోనే తీసినాడు. మనుషుల కోసం వెతకాల్సిన పని ఏముంది, అంతా వసారాలోనే ఉన్నారు, మేకలతో సహా. కూలీగా ఇచ్చింది భోజనమే. ఫణికుమార్ ఈసారి మొదటి సీనే అన్నం సీను రాసినాడు, విస్తట్లో పప్పు ఎక్కువ తక్కువైనా ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి సీను పూర్తయితే వాళ్ళు మరునాడు వసారాలో కనిపించేవాళ్ళు కాదు. కథలో వాళ్ళ చోటుకు వాళ్ళు పోయినారు. దశరథరామయ్య గారు మేళంవాళ్ళ డప్పు లేక నిద్ర పట్టడం లేదని విసుక్కున్నాడు. ఆఖరున చెంచమ్మ కూడా అట్లనే కథలోకి పోయింది. పోయేముందు పవన్ కుమార్ చెయ్యి తీసి ఫణికుమార్ చేతిలో పెట్టి పోయింది.

సినిమా సెల్లుల్లో తిరిగింది, మీలో కొందరు చూసే ఉంటారు. దుకాణం కుర్చీలో దిండు ఇప్పటికీ కొత్తగానే ఉంది. పవన్ కుమార్ ఇక్కడే ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఇంకో కథ పట్టుకుని పొద్దంతా పోట్లాడుకుంటుంటారు, ఎవరిని తీసేయాలని అతను, ఎందుకు తీసేయాలని ఇతను. తులసి కోటలో కొత్త మొక్క ఎవరు నాటినారో చెప్పనక్కర్లేదు కదా. అయినా రాజేశ్వరమ్మ గారు పొద్దున్నే ఒక గ్లాసు బియ్యం ఎక్కువే పోస్తుంది.

అదిగో, పులిహోర వాసన వచ్చింది. లేవకండి, ఒక్క మాట. సినిమా మరిచిపోండి, నన్ను కూడా మరిచిపోండి. చెంచమ్మ చేసిన ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రేపు బస్సులో పక్క సీట్లో ఎవరైనా దిగులుగా కూర్చుంటే, ఏమైందని అడగొద్దు, చెయ్యి పట్టుకోండి. అతను లేచి దిగబోయే చోట ఎవరూ లేరంటే, వదలొద్దు. ప్రసాదానికి కుడిచెయ్యి చాలు కదా తల్లీ? ఎడమచెయ్యి పక్కవాళ్ళకు ఇవ్వండి. ఆ, అట్ల.