ఎదుటి కుర్చీ

సింగపూర్‌లో టిష్యూ ప్యాకెట్ పెడితే సీటు ఆపుకున్నట్టేనని, హైదరాబాదు నుంచి కొత్తగా దిగిన ప్రోగ్రామర్ కామ్రాన్‌కి తెలియదు. బుకిట్ బటోక్‌లో తిండికొట్లుండే హాకర్ సెంటర్లో ఓ కుర్చీ మీదున్న ప్యాకెట్‌ని చెత్తనుకుని విసిరేసి కూర్చున్నాడు. దేశాల చరిత్రల సీడీ తయారుచేస్తున్నానంటే, ఎదురుగా ఉన్న తెల్ల ముసలాయన తన చెకోస్లొవేకియా గురించి చెప్పుకొచ్చాడు. రాజులు పోయారట, ప్రాగ్‌లో పార్లమెంటు నడుస్తోందట, వాళ్ల గాజుసామానుకి తిరుగులేదట.

“ఆ దేశం రెండు ముక్కలై ఏడేళ్లయింది!” అని, కామ్రాన్ అదంతా సీడీలోకి ఎక్కించడం చూసి మేనేజరు మొహం వాచేలా చీవాట్లు పెట్టింది.

మర్నాడు ముసలాయన్ని నిలదీద్దామని వెళ్తే బల్ల దగ్గర ఎవరూ లేరు. ఆయన ఏడని అడిగితే టీకొట్టు కుమారమ్మ ఆంటీ గతుక్కుమంది.

“ఆ అంకుల్ తన దేశంతోపాటే పోయాడు నాయనా. కథ వినేవాళ్ల కోసమని రోజూ టిష్యూ ప్యాకెట్ పెట్టి ఎదుటి సీటు చోప్ చేసేవాడు, అంటే ఆపేవాడు. ఇప్పుడెవరు పెడతారు ప్యాకెట్?”

కామ్రాన్ వెనక్కి తిరిగాడు. నిన్న తాను కూర్చున్న కుర్చీ మీద కొత్త ప్యాకెట్ ఉంది.