కిరీటి గుండెచప్పుడు

నేను ఒక శాంప్లర్‌ని. పేరు విని ఏ పరీక్షకో పంపే నమూనా అనుకోకండి. నా ముందు ఏ శబ్దం చేసినా మింగి దాచుకుంటాను. నా వీపు మీది రబ్బరు మీటల్లో ఒకటి నొక్కితే దాన్ని బయటికి వదులుతాను. తలుపు కిర్రుమన్నా, ఎవరైనా దగ్గినా నాకు ఒకటే.

ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను మొదట కొన్నాయనకు చెన్నైలో సినిమాల రీరికార్డింగ్ స్టూడియో ఉండేది. ఉరుములు, గుర్రపు డెక్కలు, చెంపదెబ్బలు నాలో నింపాడు. ఎంతమంది హీరోయిన్లు కొట్టించుకున్నా చప్పుడు మాత్రం నాదే, ఏడుపు వాళ్ళది. కంప్యూటర్ వచ్చాక ఆయన నా మొహం చూడలేదు. అలా చేతులు మారి విశాఖపట్నంలో కిరీటి దగ్గరికి చేరాను.

కిరీటి సన్నగా, గట్టిగా నవ్వే మనిషి. చిన్నప్పుడు వచ్చిన జ్వరం గుండెలో కవాటాన్ని పాడు చేస్తే డాక్టర్లు లోహపు కవాటం పెట్టారు. గది నిశ్శబ్దంగా ఉంటే అతని ఛాతీలోంచి టిక్ టిక్‌మని బయటికే వినిపించేది. పరీక్ష హాల్లో పంతుళ్ళు ఆ గడియారం ఎవరిదని వెతికేవారట.

అతను నాతో కట్టే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతమంటే అతని స్నేహితురాలు మధూలికకు మొదట్లో చిరాకు. అంతా ఒకటే డబ్ డబ్ అనేది. ఒక ఆదివారం మధ్యాహ్నం కిరీటి చొక్కా గుండీ విప్పి మైకు ఛాతీకి ఆనించుకున్నాడు. నేను మింగాను. డుబ్, వెంటనే టిక్. ఉరుముల్ని మింగినప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు.

ఆ ఒక్క చప్పుడుతోనే ఆమెకు పాఠం చెప్పాడు. అడుగుకో దెబ్బ చొప్పున సమంగా నడిపించి, మీద ఎవరో మనసారా పాడినట్టు ఒక గొంతు పెట్టాడు. అది హౌస్ అన్నాడు. గొంతు తీసేసి, కొంచెం తొందరపెట్టి, ఇనుప గోడల మధ్య మోగినట్టు చేస్తే టెక్నో అయింది. రాగాన్ని పొరలు పొరలుగా పైకెక్కించి, దెబ్బ ఆపేసి, జనం చేతులెత్తి ఎదురుచూస్తుండగా మళ్ళీ వదిలితే ట్రాన్స్. చివరికి దెబ్బల్ని విరిచి, విపరీతమైన వేగంతో తరిమాడు. డ్రమ్ అండ్ బేస్. గది కిటికీలు అదిరాయి.

"నన్ను పరిగెత్తొద్దన్నారు డాక్టర్లు. ఇదైనా పరిగెత్తనీ," అన్నాడు. మధూలిక నవ్వింది. ఆ రోజు నుంచీ ఈ సంగీతం వదల్లేదు.

ఇద్దరూ కాలేజీ ఫెస్టుల్లో, చిన్న చిన్న కేఫుల్లో వాయించేవారు. ఒక వర్షాకాలం కిరీటికి జ్వరం తగిలి, కవాటానికి ఇన్ఫెక్షన్ పాకింది. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. అతని తల్లి నాగరత్నం, హైస్కూల్లో హిందీ టీచరు, నన్ను తువ్వాల్లో చుట్టి మధూలికకు ఇచ్చేసింది. లోపల ఏముందో ఆమెకు తెలియదు.

కొన్నాళ్ళు మధూలిక నన్ను ముట్టుకోలేదు. తర్వాత ఒక ప్రదర్శనలో ఆ గుండెచప్పుడున్న మీట నొక్కింది. జనం ఒక్కసారిగా అరిచారు. అప్పటి నుంచి ఆమె పేరు ఆ దెబ్బతోనే ఊళ్ళు దాటింది. వేలమంది కళ్ళు మూసుకుని, మట్టిలో కలిసిపోయిన ఒక మనిషి గుండెకు తలలూపేవారు. మనుషులు దేనికి ఊగుతున్నారో అడగరు, ఊగుతారు. కొందరు ఆమె దగ్గరికొచ్చి, ఆ చప్పుడు వస్తే వెనకాల ఎవరో ఆనుకుని నిలబడ్డట్టుంటుందని చెప్పేవారు. ఆమె మాట మార్చేసేది. జనం వేగం అడిగేకొద్దీ వేగం పెంచేది.

భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున పగటిపూట సంగీతపు పండగ జరిగింది. తన కొడుకు దేనికోసం అంత పిచ్చెత్తిపోయాడో ఒక్కసారి చూడాలని నాగరత్నం కూడా వచ్చింది. చెవుల్లో దూది పెట్టుకుని స్టేజీ వెనక మధూలిక పక్కన నిలబడింది. ఎండ ఇంకా చల్లబడలేదు. మధూలిక డ్రమ్ అండ్ బేస్ అందుకుంది, ఇసుక పొగలా లేచింది.

నాగరత్నం మెల్లగా దూది తీసేసింది. ఆపరేషన్ అయిన నాటి నుంచీ పక్కగదిలో ఆ టిక్ వినబడితేనే ఆమెకు నిద్ర పట్టేది. అంత మోతలోనూ దాన్ని పట్టేసింది. మధూలిక మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాడు ఆయాసపడుతున్నాడమ్మా," అంది.

మధూలిక ఒక్కో శబ్దాన్నీ తీసేసింది. వేగం తగ్గించింది. ముందు కొందరు ఈలలు వేశారు. ఇంకా తగ్గించింది. ఈలలు ఆగిపోయాయి. చివరికి నిద్రలో ఉన్న మనిషి గుండెలా డుబ్, టిక్ మాత్రం మిగిలింది. అంతమంది జనమూ చేతులు దించి, ఎవరూ చెప్పకుండానే, కదలకుండా నిలబడ్డారు. వాళ్ళ ఊపిరి కూడా దాంతోపాటే నెమ్మదించింది. నాకు భయమేసింది. యంత్రానికి భయమేమిటంటారా? నేనూ అదే అనుకున్నాను.

నాగరత్నం స్పీకరు మీద అరచెయ్యి వేసి చాలాసేపు ఉంది. ఆపేయనా ఆంటీ అని మధూలిక అడిగింది.

"ఆపితే మళ్ళీ పోయినట్టుంటుంది. ఉంచితే రేపు మళ్ళీ పరిగెత్తిస్తారు," అంది ఆమె. స్పీకరు మీంచి చెయ్యి తీసి, "పడుకోనీ," అంది.

మధూలిక చెరిపేసే మీట దగ్గరికి వేలు తెచ్చింది. నా చిన్న తెర మీద నిజంగానేనా అని ప్రశ్న వెలిగింది. అదేమిటని నాగరత్నం అడిగితే, ఇంకోసారి నొక్కితే ఆ చప్పుడు ఇక ఉండదని చెప్పింది. మధూలిక వేలు అక్కడే ఆగిపోయింది. నాగరత్నం తన వేలు దాని మీద పెట్టి నొక్కింది. అలల చప్పుడు వినిపించింది. జనంలో చాలామంది చెయ్యి ఎత్తి తమ ఛాతీ తడుముకున్నారు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక సంగీత పాఠశాల అద్దాల బీరువాలో ఉన్నాను. మధూలిక అక్కడ కొత్తవాళ్ళకు పాఠాలు చెబుతుంది. నన్ను చూపిస్తుంది కానీ వాయించదు.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. చెరపమంటే మేము నిజంగా చెరపం. ఈ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటాం, అంతే. దాని మీద ఇంకో శబ్దం పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. నాలో ఆ తర్వాత ఎవరూ ఏదీ నింపలేదు. పిల్లలు అద్దానికి మొహం ఆనించి చూస్తుంటారు. లోపల కిరీటి పడుకునే ఉన్నాడు.