తెల్లచీర ఫోటోలు

ఆ ఉదయం లూకన్ ఊరి మీద ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. చినుకు పడదు, వెలుగు రాదు. జెమీమా కంప్యూటర్ ముందు కూర్చుని, ఈ పరాయి దేశంలో నర్సుగా చేరాలంటే రాయాల్సిన రిజిస్ట్రేషన్ పరీక్షకు చదువుకుంటోంది. తెర మీద ఎవరిదో పుట్టినరోజు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే మారుతున్నాయి.

భర్త టైటస్ సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ ఫోటోలు తీస్తాడు. అంచులు కత్తిరించడం, వెలుగు సరిచేయడం, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మొహం కాస్త తెల్లబరచడం, మూలన అతని పేరు వేయడం ఈమె వంతు. వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి, వంట ముగించి, ఒక్కో ఫోటోకీ అవే నాలుగు పనులు. మూడేళ్ళు. మెడ పట్టేసిందంటే, "కూర్చుని బటన్లు నొక్కడమేగా" అనేవాడు. మావాడు నిలబడి తీస్తాడమ్మా, నువ్వు కూర్చునేగా చేసేది అని అత్తగారు ఫోన్లో తూకం వేసి మరీ చెప్పేది.

కిందటి నెల ఆమె ఒక కిటుకు పట్టుకుంది. ఆ నాలుగు పనులూ ఒక ఫోటో మీద చేసి చూపిస్తే, కంప్యూటర్ గుర్తుపెట్టుకుని తక్కిన నాలుగువందలకూ తనే చేసుకుపోతుంది. అయితే దానికి మొహమేదో చీరేదో తెలియదు, తెల్లగా ఉన్నదాన్నీ ఇంకా తెల్లబరుస్తుంది. చర్చి పెళ్ళయితే తెల్లచీర ఉన్నవన్నీ ముందే ఏరి, చేత్తో చేసుకోవాలి. అది పోగా రోజుకు రెండు గంటలు మిగిలాయి. ఆ రెండు గంటల్లోనే పుస్తకం సగం దాటింది. పరీక్షకు ఇంకా పదిహేను రోజులే.

టైటస్ టీ కప్పుతో వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపు తెరనే చూశాడు.

"అదే చేసుకుపోతోందా? మరి నువ్వు చేసేదేముంది?"

అక్కడే నిలబడి ఫోన్లో టాలట్‌లో ఒక ఫంక్షన్, లిమరిక్‌లో ఒకటి ఒప్పేసుకున్నాడు. రెండూ వచ్చేవారమే. ఎలాగూ ఖాళీయేగా అంటూ ఆమె పుస్తకం మూసి పక్కకు నెట్టాడు.

అతని లెక్కలో, ఆమె నొప్పి పడుతూ చేసినప్పుడు అది పని కాదు. నొప్పి లేకుండా చేస్తే అసలు తానే లేదు. జెమీమా లేచి కుర్చీ అతని వైపు తిప్పింది.

"నిజమేనండీ, బటన్ నొక్కడమే. ఇకనుంచి మీరే నొక్కండి. మొన్నటి ఫెబి చర్చి పెళ్ళి ఫోటోలు ఇవాళే పంపాలి. తెల్లచీర ఉన్నవి ముందు ఏరి పక్కన పెట్టండి."

"నాకు నేర్పుతున్నావా?" అని నవ్వి కూర్చున్నాడు. ఏరలేదు. నొక్కాడు, పంపాడు, పది నిమిషాల్లో అయిపోయిందని ఈల కూడా వేశాడు.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చోబోతుంటే పెళ్ళికూతురి తల్లి దేవకుమారి ఆంటీ ఫోన్ చేసింది. అతను స్పీకర్‌లో పెట్టాడు.

"బాబూ టైటస్, మా పిల్ల చీర ఏమయిందయ్యా? గోడలో కలిసిపోయింది. మొహం ఒక్కటీ గాల్లో వేలాడతంది."

సాయంత్రానికి మళ్ళీ పంపుతానని గొణిగి ఫోన్ పెట్టేశాడు. జెమీమా వైపు చూశాడు. ఆమె అన్నం వడ్డించింది, పప్పు వేసింది, తన కంచం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుంది. అతను నోరు తెరిచి, ముద్ద పెట్టుకున్నాడు. ఆమె పేజీ తిప్పింది. ఇద్దరూ తిన్నారు.