చెవులు బాగున్నాయన్నారు

స్టవ్ మీది కుక్కర్ మీద ఒక చెవి వేసి అంట్లు తోముతూ, వెనక్కి తిరగకుండానే రేచల్ కేకేసింది. "ప్రసన్నా, బిందె లోపల పెట్టి, చెప్పులు పక్కకు తీసి, మీ నాయనకు నీళ్లియ్యి." ఎనిమిదేళ్ల కూతురు బిందె లోపల పెట్టి అట్లాగే నిలబడిపోయింది. టీవీలో సీరియల్ మోగిపోతోంది. దాని ముందు కూర్చున్న అత్త దీనమ్మ, నీ కూతురికి దేవుడు చెవులు అలంకారానికి పెట్టినాడని ఎత్తిపొడిచింది. తప్పు చేసినప్పుడల్లా ఆ పిల్ల రేచల్ కూతురే. చర్చిలో పాట పాడితే మాత్రం దీనమ్మ మనవరాలు.

పోయిన వారమే ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయి పిల్లకు చెవుల పరీక్ష చేయించారు. చెవులు బాగున్నాయని చెప్పింది అక్కడి మేడం. మాట చెవిదాకా చక్కగానే పోతుంది, చుట్టూ చప్పుడుంటే అందులోంచి మాటను విడదీసి పట్టుకోవడమే ఈ పిల్ల మెదడుకు కష్టం, బడిలో ముందు కూర్చోబెట్టించండి, ఎదురుగా నిలబడి ఒక్కో మాటే చెప్పండి అని ఓపిగ్గా వివరించింది. ఆటో తోలే మొగుడు ఏలీయాకు ఆ మొదటి ముక్క ఒక్కటే చాలింది. అప్పటిదాకా పాపం చెవుడేమోనని ఊరుకున్న మనిషి ఆ రోజు నుంచి చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టాడు. చెవులు బాగుండి పలక్కపోతే పొగరు గాక ఏంది అని అతని వాదన. బడి మాన్పించి, యర్రగొండపాలెంలో తన చెల్లెలి చంటిబిడ్డను ఎత్తుకునేందుకు పంపాలని తీర్మానించాడు.

రేచల్ అప్పుడు అడ్డు చెప్పలేదు. చీకటితోనే లేచి వండి, తోమి, మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి పోయి, ఒళ్లంతా రాతి దుమ్ముతో తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది? విసుగొచ్చినప్పుడు తనూ ఆ పిల్లనే తిట్టింది.

అట్లా కేకేసిన మర్నాడు ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ రొద పెడుతుంటే, తోటి కూలి ఎల్లమ్మ వచ్చి భుజం తట్టింది. ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి, పలకల చట్రాలు ఇటియ్యమంది. ఆ షెడ్డులో ఆడవాళ్లంతా అట్లాగే మాట్లాడుకుంటారు. ఎవరూ వెనక నుంచి కేకేయరు, పలకలేదని ఎవరూ ఎవరినీ తిట్టరు. ఇన్నేళ్లుగా ఎల్లమ్మకు ఇచ్చిన ఈ మర్యాద కన్నబిడ్డకు ఇయ్యలేకపోయానే అనుకుంది రేచల్.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఏలీయా సంచిలో పిల్ల గౌన్లు కుక్కుతున్నాడు. రేచల్ టీవీ ఆపేసి, సంచి అందుకుని, గౌన్లు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

"పిల్ల యాడికీ పోదు. బడికి పోతాది. రేపు నేనే పోయి టీచరమ్మతో మాట్లాడతా."

నీకు ఇంత నోరు ఎప్పుడొచ్చిందని ఏలీయా అరిచి, ఆటో తీసుకుని బయటికి పోయాడు. దీనమ్మ సణుగుతూ అరుగు మీదికి పోయింది. రేచల్ కూతురికి ఎదురుగా కూర్చుని మెల్లగా భుజం తట్టింది. పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులతో చెంపలు కప్పుకుంది.

"కొట్టను తల్లీ. అన్నం తిన్నావా?"

ప్రసన్న చేతులు దించి తల్లి మొహంలోకి చూసింది.

"తిట్టేటప్పుడే గదమ్మా మీరు నా మొకం చూసి చెప్పేది," అంది. "అందుకే నాకు తిట్లన్నీ వచ్చు."